లింక్ లైటు వెలుగుతోంది, పింగ్ రావట్లేదు: స్కోపుతో ఈథర్‌నెట్ చదవొచ్చా?

తూకంబోర్డు (వరంగల్):

నమస్తే. వేబ్రిడ్జిల దగ్గర బరువు చూపించే బోర్డులు చేసి అమ్ముతాం. ఇన్నాళ్లూ బరువు కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్‌లో వెళ్లేది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కాంటా యజమాని నెట్‌వర్క్ కేబులే కావాలని పట్టుబట్టడంతో కొత్త బోర్డు చేయించాం. ఎస్‌టీఎం32ఎఫ్407 ప్రాసెసర్, పక్కన కేబుల్ మీద సిగ్నళ్లు పంపి, అందుకునే ల్యాన్8720 ఫై చిప్, రెండిటి మధ్య డేటా నడిచే ఆర్‌ఎంఐఐ తీగలు. బోర్డు డిజైన్ చేసిచ్చినాయన డబ్బు ముట్టాక ఫోన్ ఎత్తడం మానేశాడు.

లింక్ లైటు వెలుగుతోంది. ఫై సెట్టింగులు చదివి, రాసే ఎండీఐఓ తీగల ద్వారా ఫై రిజిస్టర్ 2 (చిప్ గుర్తింపు సంఖ్య) చదివితే 0007 సరిగ్గానే వస్తోంది. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే ఏఆర్‌పీ ప్రశ్న (‘ఈ ఐపీ ఉన్నవాడి మ్యాక్ చిరునామా ఏంటి’ అని అడిగేది) బోర్డుకు అందుతోంది, డీబగ్ ప్రింట్‌లో చూశాను. జవాబు పంపించానని కోడ్ అంటోంది, ఎర్రర్ ఏమీ లేదు. ల్యాప్‌టాప్‌కు వచ్చే పాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో మాత్రం బోర్డు నుంచి ఒక్క పాకెట్ కూడా లేదు. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను.

నా దగ్గర 100 మెగాహెర్ట్జ్ రెండు ఛానెళ్ల స్కోపు (ఆసిలోస్కోపు) ఉంది. జత తీగల మీద ప్రోబులు పెడితే తెర నిండా పిచ్చిగీతలే. డీకోడ్ మెనూలో యూఆర్ట్, ఐ2సీ, ఎస్‌పీఐ తప్ప ఇంకేం లేవు. ఈ స్కోపుతో ఈథర్‌నెట్ చదవడం అయ్యే పనేనా, లేక పెద్ద స్కోపు కోసం నిట్‌లో ఎవరినైనా బతిమాలుకోవాలా?

రామగుండం_రిలే:

ముందు ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆపి చూశారా? డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు దిక్కులా పంపే ఫుల్, వంతులవారీగా పంపే హాఫ్) రెండు వైపులా ఒకటేనా?

తూకంబోర్డు:

ఆపాను సార్. అయినా ఫైర్‌వాల్ అడ్డుకున్న పాకెట్ కూడా వైర్‌షార్క్‌లో కనిపించాలి కదా. రెండు వైపులా ఆటోలోనే ఉంది, 100 ఫుల్ అని వస్తోంది.

పాతస్కోపు_హన్మకొండ:

తమ్మీ, ఆ లింక్ లైటును నమ్మకు. నీ ఫై, అవతలి ఫై ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని చెప్పడమే దాని పని. ప్రాసెసర్ నుంచి ఫైకి వచ్చే డేటా పూర్తిగా చెత్త అయినా అది హాయిగా వెలుగుతూనే ఉంటుంది. వైర్‌షార్క్‌ను కూడా ఇక్కడ సాక్షిగా పిలవొద్దు. సీఆర్‌సీ (తప్పులు పట్టే లెక్క) తప్పిన ఫ్రేమును, మొదలు సరిగ్గా లేని ఫ్రేమును నెట్‌వర్క్ కార్డు తనలోనే పారేస్తుంది, వైర్‌షార్క్ దాకా రానివ్వదు. కాబట్టి ‘బోర్డు పంపట్లేదు’ అని ఇప్పుడే అనుకోకు. పంపుతోంది, కానీ చెడిపోయి వెళ్తోందని నా అనుమానం.

పెద్ద స్కోపు అక్కర్లేదు. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో ముఖ్యమైన సిగ్నల్ 31.25 మెగాహెర్ట్జ్ దాటదు, అది నీ స్కోపుకు చక్కగా అందుతుంది. చిక్కంతా కోడింగులో ఉంది. నాలుగు బిట్లను ఐదు చేస్తారు, దాన్ని 11 బిట్ల స్క్రాంబ్లర్‌తో కలగాపులగం చేస్తారు, ఆపైన మూడు వోల్టేజీ స్థాయిల్లో పంపుతారు. పాకెట్లు లేనప్పుడు కూడా లైను మీద ఐడిల్ ఆగకుండా నడుస్తుంది. ఎక్కడ ఫ్రేము మొదలైందో కంటితో చెప్పడం ఎవరి వల్లా కాదు. నీకు కనపడ్డ పిచ్చిగీతలు అవే. డేటా పట్టుకుని పైథాన్‌లో స్క్రాంబ్లర్ విప్పొచ్చు, నేను చేశాను కూడా. కానీ నీ పనికి అంత తలనొప్పి దేనికి?

వేగం 10కి దించు. ఫై రిజిస్టర్ 4లో హెక్సా 0061 రాసి, రిజిస్టర్ 0లో 1200 రాయి. అంటే ‘నాకు 10 మాత్రమే వచ్చు’ అని చెప్పి మళ్లీ ఆటో నెగోషియేషన్ చేయించడం. ల్యాప్‌టాప్‌లో ఆటో తీసేసి 10 ఫుల్ అని బిగించావనుకో, బోర్డు హాఫ్‌లో పడిపోతుంది, అప్పుడు రిలే గారి అనుమానమే నిజమవుతుంది. ప్రాసెసర్‌లో కూడా వేగం 10కి మారిందో లేదో చూసుకో.

10లో మాంచెస్టర్ కోడింగు. బిట్ మధ్యలో సిగ్నల్ పైకి వెళ్తే 1, కిందికి వస్తే 0. బిట్ నిడివి 100 నానోసెకన్లు. ఫ్రేము లేనప్పుడు లైను నిశ్శబ్దం, 16 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా ఒక లింక్ పల్సు మాత్రం కొడుతుంది. మామూలు ట్రిగ్గర్ పెడితే స్కోపు ఆ పల్సునే పట్టుకుని ఆగిపోతుంది. అందుకని ఫై దగ్గర, ఫ్రేము పంపేటప్పుడు మాత్రమే లేచే టీఎక్స్_ఈఎన్ పిన్ను నుంచి తీగ లాగి స్కోపు వెనకో ముందో ఉండే ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు ఇవ్వు. రెండు ప్రోబులూ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవతల, ఫై వైపు టీఎక్స్ ప్లస్, మైనస్‌ల మీద పెట్టి, గ్రౌండ్ క్లిప్పులు బోర్డు గ్రౌండ్‌కు, మ్యాథ్‌లో ఒకటి మైనస్ రెండు. ఆ జతలో ఏమీ రాకపోతే కంగారు పడకు. ల్యాన్8720ఏలో ఆటో ఎండీఐఎక్స్ ఉంటుంది, నీ ట్రాన్స్‌మిట్ రెండో జతలోకి మారి ఉండొచ్చు.

బోర్డు లేవగానే డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామా) అడిగేలా పెట్టు. అది అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ కాబట్టి చదవడం తేలిక. ముందు ప్రీయాంబుల్ (ఫ్రేము వస్తోందని చెప్పే బిట్లు), 1010 అని మారుతూ ఉంటుంది, స్కోపులో 5 మెగాహెర్ట్జ్ అలలా కనిపిస్తుంది. చివర 11 పడగానే గమ్యం చిరునామా, అంటే 48 ఒకట్లు. అక్కడ అల 10 మెగాహెర్ట్జ్‌కు చిక్కబడుతుంది. ప్రీయాంబుల్‌లో ఉండే ఎడ్జ్‌లన్నీ బిట్ మధ్యవే, వాటిని పట్టుకుని బిట్ల గళ్లు గీసుకో. ఒకట్ల వరుస ఎంత పొడవుందో కొలువు. అది అయ్యాక మొదటి సున్నా నుంచి మూడు బైట్లు (నీ బోర్డు మ్యాక్ చిరునామా మొదటి సగం) చదివి ఇక్కడ పెట్టు. ప్రతి బైటులో చిన్న బిట్ ముందొస్తుంది, మరిచిపోకు. నీ మ్యాక్ చిరునామా ఏంటి?

తూకంబోర్డు:

నిన్న గాలివానకు రాత్రంతా కరెంటు లేదు, ఇప్పుడే కూర్చున్నా అన్నా. మ్యాక్ చిరునామా ఎస్‌టీ వాళ్ల క్యూబ్‌ఎంఎక్స్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే, 00-80-ఇ1తో మొదలవుతుంది.

మీరు చెప్పినట్టే 5, తర్వాత 10 మెగాహెర్ట్జ్ కనిపించాయి! ఒకట్ల వరుస 5.1 మైక్రోసెకన్లు ఉంది. తర్వాత చదివిన బిట్లు ఇవి: 00000000, 00000010, 01001011. చిన్న బిట్ ముందు అన్న లెక్కన 00-40-డి2 అవుతోంది. మళ్లీ మళ్లీ పట్టినా అదే. ఇది నా మ్యాక్ కాదే?

పాతస్కోపు_హన్మకొండ:

నీదే. జతలు జతలుగా విడగొట్టి చూడు. 80 అంటే 00 00 00 01. నీకొచ్చింది 00 00 00 10. ఇ1 అంటే 10 00 01 11. నీకొచ్చింది 01 00 10 11. ప్రతి జతలోనూ రెండు బిట్లు తారుమారు. ఆర్‌ఎంఐఐ డేటాను రెండేసి బిట్లుగానే పంపుతుంది, టీఎక్స్‌డీ0 మీద ఒకటి, టీఎక్స్‌డీ1 మీద ఒకటి. బోర్డు మీద ఆ రెండు ట్రాక్‌లు అటుదిటు, ఇటుదటు వెళ్లాయి.

5.1 కూడా అదే చెబుతోంది. సరైన ఫ్రేములో ప్రీయాంబుల్ చివరి 11, ఆపైన 48, మొత్తం 50 ఒకట్లు, 5.0 మైక్రోసెకన్లు. తారుమారైతే చివర 01 11 అవుతుంది, ఒకటి ఎక్కువ చేరుతుంది. అవతలివాడు 11 కనపడగానే ఫ్రేము మొదలైందనుకుంటాడు, కాబట్టి ఒక బిట్ ముందే మొదలుపెట్టి మొత్తం తప్పుగా చదువుతాడు. 00, 11 జతలు తిరగేసినా మారవు కదా, అందుకే ఎఫ్‌ఎఫ్‌లన్నీ (అన్నీ ఒకట్లే ఉన్న బైట్లు) చక్కగా కనిపించి పైపైన చూసేవాళ్లను మోసం చేస్తాయి.

రూఢి చేసుకోవాలంటే ప్రోబులు ఫై చిప్ కాళ్ల మీదే పెట్టు. టీఎక్స్_ఈఎన్ లేచినప్పటి నుంచి 6.2 మైక్రోసెకన్ల పాటు టీఎక్స్‌డీ0 పైన, టీఎక్స్‌డీ1 కింద కదలకుండా ఉండాలి. ఆ తర్వాతే రెండోది లేవాలి.

రామగుండం_రిలే:

ఒక మాట కలుపుతాను. ఈ చివరి పరీక్షకు స్కోపు కూడా అక్కర్లేదు. 10లో ఆర్‌ఎంఐఐ క్లాక్ 50 మెగాహెర్ట్జే అయినా ఒక్కో జత పది క్లాకుల పాటు, అంటే 200 నానోసెకన్లు నిలబడుతుంది. సెకనుకు 24 మెగాశాంపిళ్లు తీసే చవక లాజిక్ అనలైజర్ చాలు. ఎండీఐఓ కూడా పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌లో డీకోడ్ అవుతుంది. 100కు మాత్రం అది పనికిరాదు.

తూకంబోర్డు:

టీఎక్స్‌డీ0 కింద, టీఎక్స్‌డీ1 పైన ఉన్నాయన్నా. సరిగ్గా తిరగబడ్డాయి. ఎఫ్407లో ఈ రెండు పిన్నులనూ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని చోట ఒకటి పెట్టుకునే వీలు లేదు. ట్రాక్‌లు కోసి, మోటారు వైండింగు షాపులో తెచ్చిన సన్నటి ఎనామిల్ తీగతో అతికాను. పింగ్ వస్తోంది!

పాతస్కోపు_హన్మకొండ:

తీగలు పొట్టిగా ఉంచు, 100లో జత మారేది 20 నానోసెకన్లకే. రిజిస్టర్ 4ను మళ్లీ 01ఇ1 చేయి, లేకపోతే ఎప్పటికీ 10లోనే ఉంటుంది.

తూకంబోర్డు:

చేశాను, 100లో కూడా పింగ్ నడుస్తోంది. ఒక్క సందేహం. ఫై నుంచి ప్రాసెసర్‌కు డేటా తెచ్చే ఆర్‌ఎక్స్‌డీ జత తారుమారైతే ఎలా తెలిసేది?

పాతస్కోపు_హన్మకొండ:

అప్పుడు నీకు ఏఆర్‌పీ ప్రశ్నే అందేది కాదు. పరీక్ష అదే, ట్రిగ్గర్ మాత్రం డేటా వస్తోందని ఫై చెప్పే సీఆర్‌ఎస్_డీవీ పిన్ను మీద పెట్టుకోవాలి. అది లేచిన వెంటనే ఆర్‌ఎక్స్‌డీ రెండూ కాసేపు సున్నాలోనే ఉంటాయి, తర్వాతే ప్రీయాంబుల్ మొదలవుతుంది. ఆ ఖాళీ చూసి ఫై పాడైందని చిప్ పీకేయొద్దు.