తూర్పు, పడమర చర్చిలు విడిపోయింది 1054లోనా, 1204లోనా?

కృష్ణాతీరం:
మధ్యయుగ క్రైస్తవ చరిత్ర అనగానే ప్రతి గైడులోనూ ఒకటే లైను: 1054లో రోమ్ కేథలిక్కులు, గ్రీకు ఆర్థోడాక్స్‌లు విడిపోయారని. ఇది తప్పని నా వాదన. ఆ రోజు ఏం జరిగిందో చూడండి. జూలై 16, శనివారం. తూర్పు చక్రవర్తి రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్), హాగియా సోఫియా చర్చిలో ఆరాధన మొదలయ్యే వేళకు పోపు పంపిన కార్డినల్ హంబర్ట్ తన వాళ్లతో లోపలికి వచ్చాడు. పాట్రియార్క్, అంటే అక్కడి చర్చి పెద్ద, మైకేల్ సెరులారియస్‌ను వెలివేస్తున్నట్టు రాసిన పత్రం బలిపీఠం మీద పెట్టి, కాళ్ల దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు. వెనకే పరుగెత్తి తిరిగి తీసుకోమని బతిమాలినా తీసుకోలేదు.

వెలి పడింది సెరులారియస్ మీద, ఆయన్ని సమర్థించేవాళ్ల మీద. అదే పత్రంలో చక్రవర్తినీ నగర ప్రజల్నీ మెచ్చుకున్నారు కూడా. పాట్రియార్క్ తిరిగి వెలివేసింది ఆ దూతల్నే, పోపును కాదు. పైగా హంబర్ట్‌ను పంపిన పోపు లియో 9 అప్పటికే, ఏప్రిల్‌లో, చనిపోయాడు. ఇద్దరు మొండివాళ్ల గొడవకు రెండు చర్చిల విడాకులని పేరు పెట్టేశారు. అసలు విడగొట్టింది 1204లో పడమటి సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకోవడం.

పాతపుస్తకం:
పోపు చనిపోయాడు కాబట్టి పత్రం చెల్లదంటారా? దూతలు బయల్దేరేటప్పుడు ఆయన బతికే ఉన్నాడు, అధికారం ఇచ్చి పంపాడు. ఆ తర్వాత వచ్చిన పోపుల్లో ఒక్కరూ ఈ పత్రం మాది కాదని అనలేదు. హంబర్ట్‌తో వెళ్లిన ఫ్రెడరిక్ 1057లో స్వయంగా పోపు అయ్యాడు, ఆయనా అనలేదు.

ఇక గొడవ ఆ ఇద్దరిదే అన్నారు. విశ్వాస ప్రమాణంలో పవిత్రాత్మ తండ్రి నుంచి వస్తాడన్న చోట ‘కుమారుని నుండి కూడా’ అని పడమటివాళ్లు చేర్చుకోవడం స్పెయిన్‌లోని టొలెడో సభ, 589 నాటి నుంచే కనిపిస్తుంది. 1014లో రోమ్‌లో పూజలోనే పాడారు. పాట్రియార్క్ ఫోషియస్ దీని మీద 860ల్లోనే పోపుతో తెగతెంపులు చేసుకున్నాడు. పూజలో వాడే రొట్టె పులిసినదా పులియనిదా అన్న గొడవ సరే సరి. అన్నీ పేరుకుని 1054లో బద్దలైంది.

గ్రూప్స్_2:
పరీక్షలో ఏం రాయమంటారు సార్?

నీలాంబరి:
1054 రాయండి. కీలో అదే ఉంటుంది.

కృష్ణాతీరం:
పాతపుస్తకం గారూ, ఫోషియస్ గొడవ మళ్లీ సర్దుబాటైంది కదా? 879, 880ల సభలో ఇద్దరూ కలిశారు. అలాగే 1054దీ సర్దుకునేదే. నిజంగా విడిపోయి ఉంటే 1095లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి అలెక్సియస్ సెల్జుక్ తుర్కుల మీద సాయం చేయమని పోపు అర్బన్ 2ను అడుగుతాడా? అదే ఏడాది అర్బన్ ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్ సభలో లేచి, తూర్పున ఉన్న మన సోదరులకు సాయం వెళ్లండని చెప్తాడా? మొదటి క్రూసేడ్, అంటే పోపు పిలుపుతో సాగిన మతయుద్ధం, పుట్టిందే అలా.

పాతపుస్తకం:
ఆపద వస్తే ఎవరైనా సాయం అడుగుతారు. పోపు మరణం గురించి మీరు జవాబివ్వలేదు. పత్రం చెల్లుతుందా చెల్లదా? చెల్లకపోతే 1965 డిసెంబరు 7న పోపు పాల్ 6, పాట్రియార్క్ అథెనాగొరస్ కలిసి దేన్ని రద్దు చేశారు? లేనిదాన్ని ఎవరైనా రద్దు చేస్తారా?

మేరీమాత_బిడ్డ:
హైదరాబాద్‌లో కేరళ ఆర్థోడాక్స్ వాళ్లు ఉన్నారు. వాళ్లూ 1054లోనే విడిపోయారా?

నీలాంబరి:
కాదండీ. వాళ్ల మూలం 451లో చాల్సిడన్‌లో జరిగిన చర్చి సభను ఒప్పుకోని సిరియా సంప్రదాయం. ఈ గొడవకు 600 ఏళ్ల ముందరి మాట. గ్రీకు ఆర్థోడాక్స్ వేరు.

కృష్ణాతీరం:
చెల్లుతుందా చెల్లదా అని పట్టుకు వేలాడుతున్నారు. సరే, చెల్లుతుందనే అనుకుందాం. ఊళ్లో కూరలమ్ముకునే ఆవిడకు ఆ పత్రం సంగతి తెలుసా? 1204 ఏప్రిల్ మాత్రం తెలుసు. నాలుగో క్రూసేడ్ సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌లో పడి మూడు రోజులు దోచింది. కళ్లారా చూసిన గ్రీకు చరిత్రకారుడు నికెటాస్ కోనియాటెస్ రాశాడు: హాగియా సోఫియాలోకి గాడిదల్నీ కంచరగాడిదల్నీ తోలి వెండి బంగారాలు వాటి మీదకెత్తారు, నున్నటి రాతి నేల మీద జారి పడినవాటిని అక్కడే పొడిచారు. ఒక వేశ్యను పాట్రియార్క్ ఆసనం మీద కూర్చోబెట్టి పాటలు పాడించారు. అప్పుడు ఎత్తుకుపోయిన కంచు గుర్రాలు ఈ రోజుకీ వెనిస్‌లోనే ఉన్నాయి. ఆ పైన వెనిస్ మనిషి థామస్ మొరోసినిని తెచ్చి పాట్రియార్క్‌గా కూర్చోబెట్టారు. 1261 దాకా ఆ పరాయి పాలనే. ప్రజలు పగబట్టింది అప్పుడు.

పాతపుస్తకం:
ఒకవైపే చెప్తున్నారు. 1182లో అదే నగరంలో లాటిన్‌వాళ్లను, అంటే పడమటి క్రైస్తవుల్ని, ఆడవాళ్లూ పిల్లలూ అని చూడకుండా ఊచకోత కోశారు. పోపు దూత జాన్ తల నరికి కుక్క తోకకు కట్టారు. అది రాయరేం? 1202లో జారా అనే క్రైస్తవ పట్టణాన్ని కొట్టినందుకు అదే సైన్యాన్ని పోపు ఇన్నొసెంట్ 3 వెలివేశాడు. క్రైస్తవుల మీదికి వెళ్లొద్దని ఆయన ముందే చెప్పాడు. మీకు పోపంటే కోపం, దానికి చరిత్ర వాడుకుంటున్నారు.

కృష్ణాతీరం:
నా కోపం మీకెందుకు? ఆ వెలి తీసేసింది ఎవరు, ఆయనే కదా? మొరోసినిని చివరికి ఒప్పుకుంది ఎవరు? అదీ ఆయనే. ముందు చదివి మాట్లాడండి.

పాతపుస్తకం:
చదివే మాట్లాడుతున్నాను. నాకు ఇది పుస్తకాల సంగతి కాదు. మా చెల్లెలు గ్రీసులో ఉంటుంది, అక్కడి అబ్బాయినే చేసుకుంది. పెళ్లి వాళ్ల గుడిలోనే అయింది. ఆ తర్వాత ఈస్టరు రోజు సత్ప్రసాదం లైన్లో నిలబడితే గురువు ఆమెను పక్కకు పంపేశాడు. అత్తింటివాళ్లందరి ముందూ. ఆ రాత్రి ఫోన్లో ఏడ్చింది. ఆ గురువు 1204 మాట ఎత్తలేదు. మీ పోపు అధికారం మేం ఒప్పుకోం, అందుకే ఇవ్వం అన్నాడు. హంబర్ట్ వెళ్లి అడిగిందీ ఆ అధికారమే.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. విషయం మీదే ఉండండి.

నీలాంబరి:
విషయం ఇప్పుడే బయటపడింది కదా. తేదీ సంగతి కాదు మీ ఇద్దరిదీ.

కృష్ణాతీరం:
మీ చెల్లెలి సంగతి నిజంగా బాధే. ఆమెను అలా నిలబెట్టడం నేనూ ఒప్పుకోను. కానీ అధికారం ఒప్పుకుంటే అన్నీ కలుస్తాయని మీరంటున్నారు, అక్కడే నాకు పేచీ. ఒప్పుకున్నారుగా రెండుసార్లు! 1274లో ఫ్రాన్స్‌లోని లియోన్స్ సభలో చక్రవర్తి మైకేల్ 8 తన దూతల ద్వారా ఒప్పుకున్నాడు. కాదన్న సన్యాసుల్ని, సొంత బంధువుల్ని జైల్లో పెట్టించాడు. ఆయన చనిపోతే సొంత కొడుకే దాన్ని తీసేశాడు. 1439 జూలైలో ఇటలీలోని ఫ్లోరెన్స్ సభలో చర్చిలు కలిసే పత్రం మీద తూర్పు బిషపులు సంతకాలు పెట్టారు, ఎఫెసస్ బిషప్ మార్క్ పెట్టనన్నాడు. తిరిగొచ్చాక జనం మార్క్ వైపు నిలబడ్డారు. పైనున్నవాళ్లు సంతకం పెడితే కింద జనం కలవరు. మా సంఘంలో కూడా ఆస్తుల విషయం పైనే తేల్చేసి, ఆదివారం నోటీసు చదివి వినిపించారు. సగం కుటుంబాలు ఆ గుమ్మం తొక్కడం మానేశాయి. మా అమ్మ ఇంకా వెళ్లడం లేదు.

పాతపుస్తకం:
జనం ఒప్పుకోవాలంటే ఎవరినని అడుగుతారు? ఎవరి మాటకూ కట్టుబడకపోతే ప్రతి వీధికీ ఒక చర్చి అవుతుంది, మన జిల్లాలోనే చూస్తున్నాం. ఫ్లోరెన్స్‌లో బలవంతం లేదు. అంతకుముందు అదే సభను ఫెరారా పట్టణంలో మొదలుపెట్టి నెలల తరబడి ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు.

కృష్ణాతీరం:
బలవంతం లేదా? తుర్కులు ముంచుకొస్తున్నారు, సైన్యం కావాలంటే సంతకం పెట్టాల్సిందే. చక్రవర్తి జాన్ 8 అంత దూరం వెళ్లింది అందుకే. అది బలవంతం కాకపోతే ఏమంటారో చెప్పండి. 2001లో పోపు జాన్ పాల్ 2 ఏథెన్స్ వెళ్లి 1204కు క్షమాపణ అడిగాడు. అక్కడ ఆయన పోపు అధికారం ఒప్పుకోమని ఎవరి సంతకమూ కోరలేదు. అక్కడి ఆర్థోడాక్స్ ఆర్చిబిషప్ చప్పట్లు కొట్టాడు.

పాతపుస్తకం:
చప్పట్లు కొట్టారు. మా చెల్లెలికి మాత్రం ఇంకా ఇవ్వడం లేదు. దానికి మీ 1204 జవాబు చెప్పదు. ఫ్లోరెన్స్‌లో పోపు అధికారం గురించి ఏం రాసుకున్నారో ఆ వాక్యాలు రేపు పెడతాను, వాటిలో ఏది ఒప్పుకోలేరో మీరే చెప్పండి.