నాన్‌నల్ అట్రిబ్యూట్ వల్ల నల్ తనిఖీ తొలగిపోతోంది: హెచ్చరికలు మాత్రమే పొందే మార్గం ఉందా?

నేను సీ భాషలో రాస్తున్న ఒక లైబ్రరీని జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లతోనూ కంపైల్ చేయాలి. నల్ (దేన్నీ సూచించని పాయింటర్ విలువ) రాకూడని పారామీటర్లను సూచించడానికి జీసీసీ కోసం ఫంక్షన్‌కు నాన్‌నల్ అట్రిబ్యూట్ ఇచ్చాను; క్లాంగ్ కోసం పాయింటర్ టైపుకే, నక్షత్రం గుర్తు తర్వాత, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే నాన్‌నల్ క్వాలిఫయర్‌ను చేర్చాను.

క్లాంగ్ క్వాలిఫయర్ హెచ్చరికలకూ, కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే స్టాటిక్ అనలైజర్‌కూ పనికొస్తుందే తప్ప, తయారయ్యే మెషీన్ కోడ్‌ను మార్చదు. జీసీసీ అట్రిబ్యూట్ మాత్రం ఆప్టిమైజర్‌కు ఇచ్చిన హామీ కూడా కాబట్టి, ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలో, ‘పాయింటర్ నల్ అయితే మైనస్ 1 తిరిగి ఇవ్వు’ అని ఫంక్షన్ మొదట్లో నేను పెట్టుకున్న తనిఖీని పూర్తిగా తీసేస్తోంది. అసెంబ్లీలో ఆ పోలిక జాడే లేదు. నియమం ప్రకారం అది సబబే, కానీ ఇతరులు పిలిచే ఫంక్షన్లలో ఆ తనిఖీ నాకు తప్పనిసరి.

నల్ తనిఖీల తొలగింపును ప్రాజెక్టు మొత్తానికి ఆపే ఫ్లాగ్ ఉందని తెలుసు. ఇంత చిన్న అవసరానికి అది మరీ ఎక్కువనిపిస్తోంది. దానికి బదులు, అట్రిబ్యూట్‌ను ఒక మాక్రో ద్వారా హెడర్‌లోని డిక్లరేషన్‌కే పరిమితం చేసి, డెఫినిషన్ ఉన్న ఫైలులో ఆ మాక్రో ఖాళీగా విస్తరించేలా చేస్తే, పిలిచేవారికి హెచ్చరికలు అందుతూనే లోపలి తనిఖీ నిలుస్తుందా? లింక్ సమయంలో జరిగే ఆప్టిమైజేషన్‌ను వాడినప్పుడు కూడా ఈ ఏర్పాటును నమ్మవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.