వ్యూఫైండర్ రింగు ఊడి పడిపోయింది: తప్పు కంపెనీదా, కెమెరా పట్టుకున్నవాళ్ళదా?

వెలుగునీడ
ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సులోంచి వచ్చే వెలుతుర్ని లోపలి మిర్రర్ వ్యూఫైండర్‌కి పంపే కెమెరా), ప్రొఫెషనల్ బాడీ. మొన్న పని అయ్యాక బ్యాగు సర్దుతుంటే వ్యూఫైండర్, అదే కన్ను పెట్టి చూసే కిటికీ, దాని వెనక గుండ్రటి రింగు కనబడలేదు. రబ్బరు కప్పు ఒక్కటే కాదు, అద్దంతో సహా మర తిప్పి బిగించే ఐపీస్ మొత్తం పోయింది. ఎక్కడ పడిందో ఎవరికీ తెలీదు. వెతికాం, దొరకలేదు. వారంటీ ఉన్నా పోయిన వస్తువుకి వర్తించదని సర్వీస్ సెంటర్‌లో చెప్పేశారు. ఇంత డబ్బు పోసి కొన్న కెమెరాలో ఒక భాగం దానంతటదే ఊడిపోతే అది డిజైన్ లోపమా, వాడేవాళ్ళ అజాగ్రత్తా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత_షట్టర్
అజాగ్రత్తే. అందులో చర్చించడానికేముంది? మర పెట్టిందే విప్పుకోవడానికి. కళ్ళజోడు పవర్‌కి సరిపడా అద్దం కావాలనేవాళ్ళున్నారు, ఆవిరి పట్టని అద్దం కావాలనేవాళ్ళున్నారు, బొమ్మ పెద్దగా కనబడాలని మాగ్నిఫయర్ పెట్టుకునేవాళ్ళున్నారు. విప్పేదాన్ని అప్పుడప్పుడు బిగించుకోవాలి కూడా. పని మొదలుపెట్టేముందు వేలితో ఒకసారి తిప్పి చూసుకుంటే పోయేదేముంది?

నేను హాసెల్‌బ్లాడ్ 500 సిరీస్ ఫిల్మ్ కెమెరాల మీద పని నేర్చుకున్నవాణ్ణి. దాని ఫిల్మ్ మ్యాగజైన్‌లో (వెనక తగిలించే ఫిల్మ్ పెట్టె) డార్క్ స్లైడ్ అని పల్చటి రేకు ఉంటుంది. అది లోపల ఉంటే షట్టర్ పడదు, బయట ఉంటే మ్యాగజైన్ ఊడదు. తీసిన రేకు పెట్టుకోవడానికి కెమెరాలో చోటు లేదు. చొక్కా జేబులో పెట్టుకుని పని చేశాం. పోగొట్టుకున్నవాడు తనను తాను తిట్టుకున్నాడు గానీ కంపెనీని కాదు.

గ్రెయిన్
మీరు చెప్పిన ఉదాహరణే మీ మాటకి అడ్డం వస్తోంది. అదే హాసెల్‌బ్లాడ్ తర్వాత్తర్వాత చేసిన ఏ12 మ్యాగజైన్ల వెనక ఆ రేకు దోపుకోవడానికి చిన్న అర పెట్టింది. జేబులో పెట్టుకోవడమే సరైన పద్ధతైతే ఆ అర ఎందుకొచ్చింది?

లైకా ఎం కెమెరాల సంగతి చూడండి. 1954లో వచ్చిన ఎం3 దగ్గర్నుంచీ అడుగు పలక మొత్తం ఊడి చేతికొస్తుంది. ఫిల్మ్ మార్చేటప్పుడు రెండు చేతులూ చాలక పలకను పళ్ళ మధ్య పట్టుకునేవాళ్ళు. డిజిటల్ ఎం కెమెరాలు వచ్చాక ఫిల్మే లేదు, అయినా బ్యాటరీ తీయాలంటే అదే పలక విప్పాలి. 2022లో ఎం11 వచ్చాకే అది పోయింది. అన్నేళ్ళూ "వాడేవాడు జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. చివరికి మారింది కెమెరాయే.

పాత_షట్టర్
ఎం11లో పలక తీసింది జనం పోగొట్టుకుంటున్నారని కాదు. బ్యాటరీ చప్పున మార్చుకోవడానికి. లేని కారణం అంటగట్టకండి.

గ్రెయిన్
కారణం ఏదైనా, ఊడే భాగం లేకుండా చేయొచ్చని తేలిందా లేదా? ఈ రింగు సంగతే తీసుకోండి, కొన్ని టాప్ మోడళ్ళలో ఐపీస్ షట్టర్ (వ్యూఫైండర్‌లోకి వెలుతురు రాకుండా మూసే చిన్న తెర) మూస్తే గానీ రింగు తిరగకుండా తాళం ఉంది. దాని కింది మోడళ్ళకి ఆ తాళం ఎందుకివ్వరు? నేనడిగేది అంతే.

కొత్త_లెన్స్
రింగు లేకుండా వాడితే ఏమవుతుంది? ఫోటోలో తేడా వస్తుందా?

మరమ్మతు_బల్ల
వస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో వెలుతురు కొలిచే మీటర్ వ్యూఫైండర్ దారిలోనే, ప్రిజం (బొమ్మని కంటివైపు మళ్ళించే గాజు దిమ్మ) దగ్గర ఉంటుంది. వెనక నుంచి ఎండ దూరితే అదీ లెక్కలోకి వెళ్ళి ఫోటో నల్లబడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి కన్ను తీసేసినప్పుడు ఇది ఎక్కువ. లోపల మిర్రర్ లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో కొలత సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి ఆ బాధ లేదు. ఇక రింగుతోపాటు అద్దం కూడా పోయింది కాబట్టి దుమ్ము లోపలి లెన్సు మీద కూర్చుంటుంది. అది తుడవడం మీవల్ల కాదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకైతే ఖాళీ అంచు గీతలు పెడుతుంది.

రింగు ఎలా వదులవుతుందో కూడా చెప్తాను, నా బల్ల మీదికి ఇవి చాలానే వచ్చాయి. స్ట్రాప్ మెడలోనో భుజానో వేసుకుంటే కెమెరా వెనక భాగం ఒంటికి తగులుతూ ఉంటుంది. నడిచే ప్రతి అడుగుకీ రింగు చుట్టూ ఉన్న రబ్బరు బట్టని పట్టుకుని కాస్త తిరుగుతుంది. సాయంత్రానికి అర చుట్టు వదులు. కెమెరాని ఎప్పుడూ ఒకే భుజాన వేసుకునేవాళ్ళవి ఎక్కువ పోతాయి.

కాంతిరేఖ
సూపర్ గ్లూ ఒక్క చుక్క వేస్తే జన్మలో ఊడదు.

మరమ్మతు_బల్ల
దయచేసి ఆ పని చేయొద్దు! ఆరేటప్పుడు దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. తర్వాత అద్దం మార్చాలన్నా రింగు రాదు.

పాత_షట్టర్
దానికి థ్రెడ్ లాకర్ ఉంది కదా, మర వదులవకుండా రాసే జిగురు. నీలం రంగుది, లాక్‌టైట్ 243. మరకి కాస్త రాస్తే కదలదు.

మరమ్మతు_బల్ల
243 ఇంత సన్నటి మరకి మరీ గట్టిది. చిన్న మరలకి ఊదా రంగు 222 ఉంది. కానీ అసలు చిక్కు వేరే. ఈ జాతి జిగుర్లు గాలి తగలని చోట, లోహం తాకితేనే గట్టిపడతాయి. మర రెండు వైపులా ప్లాస్టిక్ అయితే తడిగానే ఉండిపోతాయి, పైగా కొన్ని ప్లాస్టిక్కుల్ని పగలగొడతాయి. కుళాయిల మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు సన్నగా కోసి ఒక చుట్టు వేసి బిగించండి. చాలు.

పాత_షట్టర్
నా కెమెరాలకి 243 రాశాను. ఏ మరా పగల్లేదు.

మరమ్మతు_బల్ల
మీవి లోహం మరలు. ఇప్పటి రింగులన్నీ అలా ఉండవు.

పాత_షట్టర్
ఉండవని ఊరికే అంటే ఎలా? ఏ మోడల్, ఏ రింగు?

ఫ్రేమ్_లత
జిగురు రంగు గురించి ఇంత దూరం వెళ్ళారు గానీ ఒక్క మాట ఎవరూ అడగలేదు. వెలుగునీడ గారూ, "బ్యాగు సర్దుతుంటే" అని రాశారు. ఆ రోజు కెమెరా మీ చేతిలోనే ఉందా?

వెలుగునీడ
లేదండీ. మా అసిస్టెంటు చేతిలో ఉంది. రింగు ఖరీదు అతని జీతంలోంచి పట్టుకుంటానని చెప్పాను. అతనూ సరేనన్నాడు. నేను చేసింది న్యాయమేనా కాదా అని తేల్చుకుందామనే ఇక్కడ అడిగాను.

పాత_షట్టర్
న్యాయమే. చేతిలో ఉన్నవాడిదే బాధ్యత.

ఫ్రేమ్_లత
సరేనన్నాడా? మీరు జీతమిచ్చేవారు, ఎదురుగా నిలబడి "ఇవ్వను" అని ఎలా అంటాడు?

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నా చేతికిచ్చిన బాడీకి బ్యాటరీ తలుపు గొళ్ళెం అప్పటికే విరిగి ఉంది. నల్ల టేపు వేసి ఇచ్చారు. ఎండకి టేపు జిగురు కరిగి తలుపు ఎక్కడో జారిపోయింది. జీతంలో కోశారు. విరిగిన గొళ్ళెం అంతకుముందు ఎవరి చేతిలో విరిగిందో ఒక్కరూ అడగలేదు. నాకు డబ్బు కన్నా అదే ఎక్కువ బాధ. ఆ రోజు పొద్దున కెమెరా ఇచ్చేటప్పుడు రింగు బిగుతుగా ఉందో లేదో ఎవరైనా చూశారా?

పాత_షట్టర్
అమ్మా, మీ బాధ నాకర్థమైంది. నా బాధ కూడా వినండి. అడిగినవాళ్ళకల్లా కెమెరాలు ఇచ్చాను. తిరిగొచ్చేటప్పటికి ఫ్లాష్ షూ మూత ఉండదు, సింక్ సాకెట్ మూత ఉండదు, లెన్స్ హుడ్ ఉండదు. తిరిగిచ్చేవాడు చెప్పడు, నేనే కనిపెట్టాలి. అన్నీ నా డబ్బుతో కొన్నాను. చివరికి ఇవ్వడమే మానేశాను. పోయిన సంగతి ఆ సాయంత్రమే చెప్పుంటే నేను ఒక్కణ్ణీ పైసా అడిగేవాణ్ణి కాదు. జేబు తడుముకోవాల్సి వస్తే గానీ మనుషులు వస్తువు వంక చూడరని నాకు అనుభవం నేర్పింది.

ఫ్రేమ్_లత
మీ దగ్గర ఊరికే తీసుకెళ్ళినవాళ్ళు స్నేహితులు. వాళ్ళు కొనివ్వాలి, ఒప్పుకుంటాను. ఈ అబ్బాయి యజమాని పని కోసం యజమాని కెమెరా మోశాడు. ఆ పని మీద వచ్చిన డబ్బు యజమానిది. మోస్తుండగా వదులైన మర మాత్రం అతనిదా? మరమ్మతు_బల్ల గారు చెప్పింది చదివారా? నడిస్తే వదులవుతుంది. నడవమన్నది ఎవరు?

గ్రెయిన్
ఇది కరెక్ట్. కంపెనీ అసిస్టెంట్లని దృష్టిలో పెట్టుకుని చేయలేదు ఆ మర.

పాత_షట్టర్
రేపు లెన్సు కింద పడేస్తే అప్పుడూ యజమానిదేనా? గీత ఎక్కడ గీస్తారో చెప్పండి.

ఫ్రేమ్_లత
నిర్లక్ష్యంగా పడేస్తే వేరే. అది కళ్ళకి కనబడుతుంది, అడగొచ్చు. ఇది వాడకంలో అరిగే, జారే వస్తువు. రబ్బరు కప్పు చిరిగితే జీతంలో కోస్తారా? రింగు మీద నేను గీసే గీత ఇదే.

పాత_షట్టర్
చిరిగిన కప్పు కళ్ళముందుంటుంది. పోయిన రింగు ఉండదు. పోయినట్టు అతను గమనించలేదు, చెప్పలేదు. నేను పట్టుబడుతున్నది ఆ గమనించకపోవడం గురించి. రింగు ఖరీదు గురించి కాదు.

ఫ్రేమ్_లత
అలాగైతే గమనించడం నేర్పండి. జీతంలో కోయకండి.

వెలుగునీడ
అందరూ అడిగారు కాబట్టి చెప్తున్నాను. కెమెరా అప్పగించేటప్పుడు రాసుకునే కాగితంలో బాడీ, లెన్సులు, బ్యాటరీలు, కార్డులు ఉన్నాయి. రింగు, మూతలు లేవు. ఇకమీదట రాయిస్తాను, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఇద్దరం కలిసి చూస్తాం. కొత్త రింగు తెప్పిస్తున్నాను. డబ్బు సంగతి అతనితోనే మాట్లాడతాను, ఇక్కడ కాదు.

ఫ్రేమ్_లత
మాట్లాడేటప్పుడు "నీకిష్టమేనా" అని అడగకండి. పట్టుకోవడం లేదని మీరే చెప్పండి.

కొత్త_లెన్స్
ఇదంతా చదివి నా కెమెరా చూశాను. రింగు కదులుతోంది. ఎటు తిప్పాలి?

మరమ్మతు_బల్ల
వెనక నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు. ముందు పూర్తిగా విప్పి మరలో దుమ్ము బ్రష్‌తో దులపండి, అడ్డంగా ఎక్కితే మర పోతుంది. వేళ్ళతోనే బిగించండి, పట్టకారు పెట్టొద్దు.