సైట్‌మ్యాప్ చెకర్‌లో పచ్చ టిక్ వస్తే సరిపోద్దా?

వంటింటి_వెబ్బు:
అందరికీ నమస్తే. ఒక క్లయింట్‌కి తెలుగు వంటల సైట్ చూస్తున్నా, వర్డ్‌ప్రెస్, నాలుగొందల పోస్టుల దాకా ఉంటాయి. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ గూగుల్‌కి ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్) సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల అడ్రస్‌ల లిస్ట్ ఉండే ఎక్స్ఎమ్ఎల్ ఫైల్) పక్కన ఎర్రగా ఫెచ్ చేయలేకపోయాం అని పడి ఉంది. నేను బ్రౌజర్‌లోనే నడిచే ఒక ఆన్‌లైన్ చెకర్‌లో అదే యూఆర్ఎల్ పేస్ట్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు, పచ్చ టిక్కు, కింద వ్యాలిడ్ అని. క్రోమ్‌లో డైరెక్టుగా ఓపెన్ చేసినా నీట్‌గా టేబుల్ లాగా కనిపిస్తోంది. క్లయింటేమో సెర్చ్ కన్సోల్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టి "ఏంటండీ ఇది" అంటారు, నేను చెకర్ స్క్రీన్‌షాట్ పెడితే "మరి గూగుల్ ఎందుకు ఒప్పుకోవట్లేదు" అంటారు. ఎవర్ని నమ్మాలి? అసలు ఈ చెకర్ల వల్ల ఉపయోగం ఉందా, ఊరికే టైంపాసా?

కర్లీబ్రేస్:
టైంపాసే. చాలామందికి తెలియంది ఏంటంటే, ఒక వెబ్ పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ వేరే డొమైన్‌లో ఉన్న ఫైల్‌ని తనంతట తాను చదవలేదు, ఆ సర్వర్ తన జవాబుతో పాటు సీఓఆర్ఎస్ హెడర్ (వేరే సైట్లు కూడా చదవొచ్చని చెప్పే లైన్) ఇచ్చి పర్మిషన్ ఇస్తే తప్ప, సైట్‌మ్యాప్‌కి పనిగట్టుకుని ఆ హెడర్ పెట్టేవాళ్ళు ఎవరుంటారు. అందుకే "అంతా మీ బ్రౌజర్‌లోనే" అని రాసుకున్న టూల్ కూడా యూఆర్ఎల్ అడిగిందంటే వెనకాల తన సర్వర్ నుంచే తెచ్చుకుంటుంది. అంటే మీ సైట్‌మ్యాప్‌ని చూసింది మీ బ్రౌజరూ కాదు, పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాటూ కాదు, ఎక్కడో ఉన్న మూడోవాడు. వాడికి 200 (ఫైల్ అందింది అనే కోడ్) వచ్చింది, గూగుల్‌కి రాలేదు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. దీంట్లో గొడవేముంది?

టెర్మినల్ ఓపెన్ చేసి కర్ల్ కమాండ్‌తో హెడర్లు చూడు, తర్వాత ఎక్స్ఎమ్ఎల్‌లింట్‌కి (ఎక్స్ఎమ్ఎల్ తప్పులు పట్టే కమాండ్) సైట్‌మ్యాప్స్ డాట్ ఆర్గ్ వాళ్ళ స్కీమా ఫైల్ (ఏ ట్యాగ్ ఎలా ఉండాలో చెప్పే రూల్స్) ఇచ్చి నడుపు. అయిపోయింది.

సిరి_ఎస్ఈఓ:
కర్లీబ్రేస్ గారూ, టెర్మినల్ అనగానే సగం మంది ఇక్కడి నుంచి లేచిపోతారండి 😀 నేను ఏజెన్సీలో చేస్తాను, మాకు రోజూ కొత్త సైట్లు వస్తుంటాయి, కంటెంట్ రాసే అమ్మాయి కూడా సైట్‌మ్యాప్ చెక్ చేయగలగాలి. ఆ అమ్మాయికి ఎక్స్ఎమ్ఎల్‌లింట్ ఇన్‌స్టాల్ చేయమంటారా?

పైగా మీరు "ఓపెన్ చేస్తే కనిపిస్తోంది కదా" టైపు చెకింగ్‌కీ, వ్యాలిడేటర్‌కీ తేడా చెప్పలేదు. ఉదాహరణ చెప్తా. ఒక సైట్‌ని హెచ్‌టీటీపీఎస్‌కి మార్చారు, మిక్స్‌డ్ కంటెంట్ (హెచ్‌టీటీపీఎస్ పేజీలో మిగిలిపోయిన పాత హెచ్‌టీటీపీ లింకులు) సరిచేసే ప్లగిన్ ఒకటి పెట్టారు, అది పేజీలో ఎక్కడ హెచ్‌టీటీపీ కనపడితే అక్కడ ఎస్ తగిలిస్తూ పోయి సైట్‌మ్యాప్ మొదటి ట్యాగ్‌లో నేమ్‌స్పేస్ (ఈ ట్యాగులు ఏ స్టాండర్డ్‌వో చెప్పేది) అడ్రస్‌కి కూడా తగిలించింది. ఆ నేమ్‌స్పేస్ లింక్ కాదు, ఒక పేరు మాత్రమే, అది ఎస్ లేకుండా హెచ్‌టీటీపీతోనే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. క్రోమ్‌లో చూస్తే ఏ తేడా లేదు, ఫైల్ బ్రహ్మాండంగా ఓపెన్ అవుతుంది ఎందుకంటే ఎక్స్ఎమ్ఎల్ గ్రామర్ ప్రకారం తప్పు లేదు. స్కీమాతో పోల్చి చూసే వ్యాలిడేటర్ మాత్రం వెంటనే పట్టుకుంటుంది. ఇది టైంపాస్ ఎలా అవుతుందండీ?

కర్లీబ్రేస్:
స్కీమాతో పోల్చే టూల్ అయితే ఒప్పుకుంటా. కానీ సెర్చ్‌లో మొదట వచ్చే చెకర్లలో ఎన్ని నిజంగా స్కీమా చూస్తాయో మీరే ఒకసారి ట్రై చేయండి, ఆ ఎస్ తగిలించిన ఫైల్‌నే ఇచ్చి చూడండి. కొన్ని ట్యాగులు లెక్కపెట్టి టిక్ ఇచ్చేస్తాయి. కొన్నిట్లో ఇప్పటికీ "గూగుల్‌కి పింగ్ చేయండి" (సైట్‌మ్యాప్ మారిందని కబురు పంపడం) అని బటన్ ఉంటుంది, గూగుల్ ఆ పింగ్ సదుపాయం తీసేస్తున్నాం అని 2023లోనే చెప్పేసింది. ఆ బటన్ ఇంకా ఉందంటే ఆ టూల్‌ని ఎప్పట్నుంచి ముట్టుకోలేదో అర్థం చేసుకోండి.

ఓరుగల్లు_డెవ్:
అన్నా మీరిద్దరు ఫైల్ మీద కొట్లాడుతున్నరు, పాపం అడిగినాయన ప్రాబ్లం ఫైల్‌ల లేదు. గూగుల్‌కు ఫైలే అందుతలేదు.

వంటింటి అన్నా, సెర్చ్ కన్సోల్‌ల పైన యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ బాక్స్ ఉంటది చూడు, అందుల సైట్‌మ్యాప్ యూఆర్ఎలే పెట్టి లైవ్ టెస్ట్ కొట్టు. మామూలు పేజీలకే అనుకుంటరు గానీ సైట్‌మ్యాప్‌కు కూడా పనిజేస్తది. ఇండెక్స్ అయితదా (గూగుల్ సెర్చ్‌ల చేరుతదా) కాదా అన్నది వదిలెయ్, పేజ్ ఫెచ్ అన్న లైన్ ఒక్కటే చూడు. అక్కడ 403 అని ఒస్తే హోస్టింగ్ ఫైర్‌వాల్ నో, బాట్ ప్రొటెక్షనో గూగుల్‌బాట్‌ను గేటు దగ్గరనే ఆపుతున్నట్టు. ఏఐ బాట్లు పెరిగినంక మస్తు మంది అన్ని బాట్లను ఒకటే దెబ్బకు బ్లాక్ జేసి కూసున్నరు.

వంటింటి_వెబ్బు:
ఇప్పుడే కొట్టి చూశా. 403. థాంక్స్ డెవ్ గారూ. పోయిన నెల హోస్టింగ్ వాళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్ అని మెయిల్ పంపారు, అదే అయ్యుంటుంది. అయితే పోస్టులు కొన్ని ఇండెక్స్ అవుతూనే ఉన్నాయే, మొత్తం బ్లాక్ అయితే అవెలా వస్తున్నాయి?

ఓరుగల్లు_డెవ్:
రూల్ మొత్తం సైట్‌కు ఉండాలని లేదన్నా. కొన్ని ఫైర్‌వాల్స్ ఎక్స్ఎమ్ఎల్ అన్న మాట ఉన్న ఫైల్ అడ్రస్‌ల మీద గట్టిగుంటయ్, వర్డ్‌ప్రెస్‌ల ఎక్స్ఎమ్ఎల్‌ఆర్‌పీసీ ఫైల్ (బయటి ప్రోగ్రాములు సైట్‌తోని మాట్లాడేది) మీద అటాక్స్ ఎక్కువ గదా, దాన్ని ఆపబోయి పక్కదాన్ని గూడ ఆపినట్టు అయితది. లాగ్స్ చూస్తే తెలుస్తది.

సిరి_ఎస్ఈఓ:
సరే ఈ కేసులో ఫెచ్ సమస్య, ఒప్పుకున్నా. కానీ దీన్నిబట్టి చెకర్లు వేస్ట్ అని తేల్చకండి. సెర్చ్ కన్సోల్ తన తీరికని బట్టి చదువుతుంది, తప్పు చూపించడానికి రోజులు పట్టొచ్చు. సైట్ లాంచ్ చేసేముందు ఇంకా గూగుల్‌కి చూపించని ఫైల్‌ని దేంతో చెక్ చేస్తారు? స్టేజింగ్‌లో (లాంచ్‌కి ముందు టెస్ట్ కాపీలో) ఉన్నప్పుడే యూఆర్ఎల్‌లో & గుర్తుని ఎస్కేప్ చేయకుండా, అంటే & అని మార్చి రాయకుండా వదిలేశారనుకోండి, ఒక్క గుర్తు వల్ల మొత్తం ఫైల్ ఆగిపోతుంది. ఫిల్టర్లు ఉన్న షాపింగ్ సైట్లలో ఇది మాకు మామూలే.

కర్లీబ్రేస్:
దానికి చెకర్ ఎందుకు? బ్రౌజరే చెప్తుంది. క్రోమ్‌లో ఆ ఫైల్ ఓపెన్ చేయగానే పైన గులాబీ రంగు డబ్బాలో ఏ లైన్, ఏ కాలమ్ అని నంబర్లతో సహా ఎర్రర్ వస్తుంది. వర్డ్‌ప్రెస్ వాళ్ళకి బాగా తెలిసిన ఎర్రర్ లైన్ 2 కాలమ్ 6 కదా, ఎక్స్ఎమ్ఎల్ డిక్లరేషన్ (ఇది ఎక్స్ఎమ్ఎల్ అని చెప్పే లైన్) ఫైల్ మొదట్లో లేదు అని. థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లోనో, ఏదో ప్లగిన్‌లోనో పీహెచ్‌పీ ముగింపు ట్యాగ్ తర్వాత ఎవరో ఎంటర్ కొట్టి ఒక ఖాళీ లైన్ వదిలేసి ఉంటారు, అది సైట్‌మ్యాప్ కంటే ముందు బయటికొచ్చి డిక్లరేషన్‌ని రెండో లైన్‌కి నెట్టేస్తుంది. ఆ ముగింపు ట్యాగే తీసేస్తే గొడవ వదిలిపోతుంది.

ఇంకోటి, క్రోమ్‌లో టేబుల్ లాగా నీట్‌గా కనిపిస్తోంది అని పైన అన్నారు, అది సైట్‌మ్యాప్ కాదు, ప్లగిన్ వేసిన ఎక్స్ఎస్ఎల్ (ఎక్స్ఎమ్ఎల్‌ని పేజీ లాగా చూపించే స్టైల్ ఫైల్) మేకప్. ఎప్పుడు చూసినా వ్యూ సోర్స్‌లో చూడండి. క్రోమ్ ఆ మేకప్ వేసే ఎక్స్ఎస్ఎల్‌టీ సపోర్ట్ తీసేస్తాం అని 2025లో ప్రకటించింది కూడా, అది నిజంగా పోయిన రోజు "సైట్‌మ్యాప్ చెడిపోయింది" అని ఇక్కడ ఎన్ని పోస్టులు పడతాయో చూద్దాం.

పల్నాడు_పోర్టల్:
నేను చిన్న తెలుగు న్యూస్ పోర్టల్ నడుపుతానండి, నా అనుభవం వేరు. చెకరూ టిక్కే ఇస్తుంది, సెర్చ్ కన్సోలూ సక్సెస్ అంటుంది, అయినా సైట్‌మ్యాప్‌లో చెత్త ఉంటుంది. దాని సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

తెలుగు టైటిల్ పెట్టి స్లగ్ (యూఆర్ఎల్ చివర వచ్చే పోస్ట్ పేరు) కూడా తెలుగులోనే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు, పొల్లు, సున్నా విడివిడిగా యూటీఎఫ్-8లో 3 బైట్లు, యూఆర్ఎల్‌లో పర్సెంట్ ఎన్‌కోడ్ (ప్రతి బైట్ % గుర్తుతో కోడ్‌గా మారడం) అయ్యాక ఒక్కోటి 9 క్యారెక్టర్లు. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి ఇచ్చేది మొత్తం 200 క్యారెక్టర్లు. అంటే 22 గుర్తులు దాటితే కోత. వంటింటి గారి సైట్ కాబట్టి ఆ లెక్కే చెప్తా. "గుత్తివంకాయ కూర తయారీ విధానం" అని టైటిల్ పెడితే గుత్తివంకాయకి 99, కూరకి 27, తయారీకి 45, మధ్యలో గీతలు మూడు, మొత్తం 174. మిగిలిన 26లో విధానం పట్టదు, "వి" దగ్గర తెగిపోతుంది. స్లగ్ గుత్తివంకాయ-కూర-తయారీ-వి. రేపు "గుత్తివంకాయ కూర తయారీ విశేషాలు" అని ఇంకో పోస్ట్ వేస్తే అదీ "వి" దగ్గరే తెగి చివర 2 తగిలించుకుంటుంది. ఏ చెకర్‌కీ ఇది తప్పు కాదు. చదివేవాడికి మాత్రం రెండూ ఒకటే యూఆర్ఎల్.

నా పోర్టల్ వర్డ్‌ప్రెస్ కాదు, సొంతంగా రాయించుకున్నది, అక్కడ ఇంకో తంటా. ఫేస్‌బుక్ లాంటి మాటల్లో పొల్లు విడిగా కనపడ్డానికి కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని నాన్-జాయినర్ అనే గుర్తు ఒకటి పెడతాయి. ఒక రిపోర్టర్ ఫోన్‌లో అది పడుతుంది, ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పడదు. ట్యాగ్ పేజీలు రెండు తయారయ్యాయి, చూస్తే అచ్చం ఒకటే పేరు, సైట్‌మ్యాప్‌లో రెండూ ఉన్నాయి, డూప్లికేట్ చెక్ పెట్టినా దొరకలేదు ఎందుకంటే బైట్లు వేరు కదా.

సిరి_ఎస్ఈఓ:
పల్నాడు గారు చెప్పింది బాగుంది కానీ దాన్ని సైట్‌మ్యాప్ ఎర్రర్ అనకూడదండి, అది స్లగ్ పాలసీ. థర్మామీటర్ పెట్టి షుగర్ చూపించలేదు అంటే ఎలా?

పల్నాడు_పోర్టల్:
క్లయింట్‌కి ఆ తేడా తెలీదు కదా మేడం. మీరు పచ్చ టిక్ స్క్రీన్‌షాట్ పంపితే ఆయన అర్థం చేసుకునేది "మా సైట్‌మ్యాప్ బాగుంది" అని. అక్కడే నా గొడవంతా. లోపల 404 (అసలు లేని) పేజీలు ఉన్నా, రీడైరెక్ట్ అయ్యేవి ఉన్నా, నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపించొద్దు అని) పెట్టిన పేజీలు ఉన్నా ఫైల్ వ్యాలిడే. లాస్ట్‌మోడ్ (పేజీ చివరిసారి మారిన రోజు) తేదీ ఫార్మాట్ కరెక్ట్‌గా ఉంటే చాలు, తేదీ నిజమా అబద్ధమా టూల్‌కి అనవసరం. నాకు సైట్ రాసిచ్చినతను ప్రతి యూఆర్ఎల్‌కీ ఈరోజు తేదీ వేసేవాడు, గూగుల్ ఏమో లాస్ట్‌మోడ్ నమ్మకంగా ఉంటేనే వాడతాం, ప్రయారిటీ (పేజీ ఎంత ముఖ్యమో), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందో) అసలు పట్టించుకోం అని డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. రెండేళ్ళ కిందటి జాతర వార్తకి ఇవాళ్టి తేదీ పడితే ఎవడు నమ్ముతాడు. న్యూస్ సైట్‌మ్యాప్‌లోనూ గత రెండు రోజుల వార్తలే ఉండాలి, ఒక ఫైల్‌లో 1,000కి మించకూడదు, పాతవి వాటంతటవే దిగిపోయేట్టు రాయించుకోవాలి.

కర్లీబ్రేస్:
ఇదే నేనూ అంటున్నా, వ్యాలిడ్ అన్న ముక్క క్లయింట్ దగ్గర వాడకండి.

సిరి_ఎస్ఈఓ:
మీరు అన్నది టైంపాస్ అని 🙂 నా మాట ఇదీ. బ్రౌజర్ టూల్‌తో ఫైల్ గ్రామర్, స్కీమా, 50,000 యూఆర్ఎల్స్, 50 ఎంబీ లిమిట్ ఇవి చూస్తాం, రిపోర్ట్‌లో "ఫైల్ ఫార్మాట్ చెక్ చేశాం" అనే రాస్తాం. లోపలి యూఆర్ఎల్స్ ఒక్కోటి ఏ స్టేటస్ ఇస్తున్నాయో క్రాలర్‌తో (పేజీలన్నీ తెరిచి చూసే ప్రోగ్రామ్) విడిగా చూస్తాం, దానికి విడిగా చార్జ్ చేస్తాం. చిన్న సైట్ ఓనర్‌కి ఆ రెండో పని అక్కర్లేదు అంటే వాళ్ళిష్టం.

ఓరుగల్లు_డెవ్:
చిన్న సైట్ అయితే సైట్‌మ్యాప్ కూడ అక్కర్లేకపోవచ్చు మేడం, 500 పేజీల లోపు ఉండి, హోమ్ పేజీ నుంచి అన్నిటికి లింకులు ఉంటే అవసరం పడకపోవచ్చని గూగులే అంటది. నాలుగొందల పోస్టుల వంటల సైట్‌కు మనం ఇంత లొల్లి చేస్తున్నం.

సిరి_ఎస్ఈఓ:
"అన్నిటికీ లింకులు ఉంటే" అన్నది పెద్ద కండిషన్ డెవ్ గారూ. వంటల సైట్లలో పాత పోస్టులు పదిహేనో పేజీ వెనకాల పడి ఉంటాయి, వాటికి లింక్ ఇచ్చేవాళ్ళే ఉండరు. సైట్‌మ్యాప్ ఉంచాలి, నేనైతే తీయనివ్వను.

వంటింటి_వెబ్బు:
తీయను లెండి. క్లయింట్‌కి "ఫైల్ బాగానే ఉంది, గూగుల్‌ని మీ హోస్టింగ్ ఆపుతోంది" అని రాసి లైవ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పెడుతున్నా. గుత్తివంకాయ లెక్క కూడా చూశా పల్నాడు గారూ, తెగిన స్లగ్గులు చాలానే ఉన్నాయి, కొత్త పోస్టులకి ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్న స్లగ్ పెడతా, పాతవి కదపను. హోస్టింగ్ వాళ్ళకి టికెట్‌లో ఏం రాయాలి? గూగుల్‌బాట్ యూజర్ ఏజెంట్‌ని (బాట్ తన గురించి చెప్పుకునే పేరు) అలో చేయమంటే సరిపోతుందా?

ఓరుగల్లు_డెవ్:
గట్ల రాయకు. యూజర్ ఏజెంట్ ఎవడైనా పెట్టుకుంటడు, గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకున్న ప్రతి స్క్రేపర్‌కు గేటు తీసినట్టే. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు తీసుడు) చూసి గూగుల్‌బాట్ డాట్ కామ్ ఒస్తుందా, ఆ పేరు తిరిగి అదే ఐపీకి పోతుందా చూసి అలో చేయమను, లేకపోతే గూగుల్ పబ్లిష్ చేసే ఐపీ లిస్ట్ వాడమను. లైవ్ టెస్ట్ కొట్టిన టైం, 403, సైట్‌మ్యాప్ పాత్, ఈ మూడు టికెట్‌ల పెట్టు. టైం లేకుంటే "మా దిక్కు అంతా బానే ఉంది" అని క్లోజ్ చేస్తరు.