తెలుగువాళ్ళ రెజ్యూమే అంటే ఫేకేనా? బెంగళూరు ప్యానెళ్ళలో ఉన్నవాళ్ళు చెప్పండి

మారతహళ్ళి_లీడ్:
ఇక్కడ చాలా ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో "తెలుగు క్యాండిడేటా, ఎక్స్‌పీరియన్స్ ఫేక్ అయ్యుంటుంది, గట్టిగా చూడండి" అనడం మామూలైపోయింది. ఇంటిపేరు చూడగానే ప్రశ్నల తీరే మారిపోతోంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అమ్మే కన్సల్టెన్సీలు ఉన్న మాట నిజమే. మరి ఈ ముద్రలో నిజమెంత? ప్యానెల్లో కూర్చున్నవాళ్ళం ఏం చెయ్యాలి?

లెక్కలమనిషి:
"పట్టుబడేది తెలుగువాళ్ళే" అనేవాళ్ళని ఒకటే అడగండి: ఎవర్ని ఎంతమందిని తనిఖీ చేశారు? ఊహకో లెక్క. రెండు వర్గాల్లోనూ నూటికి 10 మంది ఫేక్ అనుకుందాం. తెలుగువాళ్ళు 100 మందినీ చూసి, మిగతా 100 మందిలో 20 మందినే చూస్తే, ఇటు 10 మంది, అటు ఇద్దరు దొరుకుతారు. అయిదు రెట్ల తేడా! వెతికిన చోటే కదా దొరికేది. చూడకుండా వదిలేసిన 80 మందిలో ఓ 8 మంది హాయిగా జాయినైపోతారు. కంపెనీకి అసలు నష్టం అదీ.

తేడా నిజంగానే ఉందనుకున్నా, తెలుగువాళ్ళలో నూటికి 15 మంది, మిగతావాళ్ళలో 10 మంది ఫేక్ అనుకోండి, ఎదుట కూర్చున్న తెలుగబ్బాయి నిజం చెప్తున్న అవకాశం 85 శాతం.

బాపట్ల_వాసి:
స్టూవర్టుపురం సంగతి ఇదే కదండీ. కొన్ని తెగల మీద పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. దాని కింద ఎరుకల కుటుంబాలని ఆ సెటిల్‌మెంట్‌లో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, బయటికెళ్ళాలంటే అనుమతి కావాలి. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు తొక్కే గడపలు వీళ్ళవైతే, రికార్డులూ వీళ్ళ పేర్లతోనే నిండుతాయి. ఆ రికార్డు చూసినవాడు పనివ్వడు. 1952 నాటికి చట్టం దేశమంతటా రద్దయింది గానీ ఊరి పేరు మీద పడ్డ ముద్ర పోలేదు.

వైట్‌ఫీల్డ్_హెచ్ఆర్:
ఆఫర్ దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే తనిఖీ పెట్టండి. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. క్యాండిడేటే లాగినై చూపించాలి, పాస్‌వర్డ్ అడక్కండి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఫారం 26ఏఎస్‌లో టీడీఎస్ (జీతంలోంచి కోసిన పన్ను) కట్టిన కంపెనీ పేరు కనిపిస్తుంది. రెండూ లెటర్‌లోని తేదీలతో కలవాలి.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు. 1 నుంచి 5 దాకా మార్కులు, ప్యానెల్ మాట్లాడుకోకముందే ఎవరికివాళ్ళు రాసిపెట్టాలి. లేదంటే సీనియర్ అనుమానమే అందరి మార్కూ అయిపోతుంది.

మన అనుమానం మొహంలో కనబడినా క్యాండిడేట్ తడబడొచ్చు. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ బడిపిల్లలకి మేజ్ పజిళ్ళిచ్చి చూశారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్ళతో సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించినప్పుడు వాళ్ళ స్కోరు దాదాపు నాలుగో వంతు పడిపోయింది.

మారతహళ్ళి_లీడ్:
థాంక్సండీ. యూఏఎన్ లేకపోతే ఫేక్ అనుకోవచ్చా?

వైట్‌ఫీల్డ్_హెచ్ఆర్:
వద్దండీ. 20 మందిలోపు ఉన్న కంపెనీకి పీఎఫ్ తప్పనిసరి కాదు. మొదటి ఉద్యోగంలోనే బేసిక్, డీఏ కలిపి నెలకి 15,000 దాటితే పీఎఫ్ వద్దనుకునే వీలుంది. జీతం పన్ను పరిధిలోకి రాకపోతే 26ఏఎస్ కూడా ఖాళీగానే ఉండొచ్చు. అలాంటప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. పాత కంపెనీకి ఫోన్ కూడా చెయ్యండి. లెటర్ మీదున్న నంబరుకి మాత్రం వద్దు, అది ఆ కన్సల్టెన్సీవాళ్ళదే అయ్యుండొచ్చు. మీరే విడిగా వెతికి పట్టుకున్న నంబరుకి చెయ్యండి.