ఆగస్టు 15కి చర్చి ముందు జెండా ఎగరేయాలా వద్దా? మా సంఘంలో పెద్ద గొడవ

కొల్లేరు_కుర్రోడు:
అందరికీ వందనాలు. మాది ఏలూరు దగ్గర పల్లె. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది, యూత్ వాళ్లం ఈసారి చర్చి ముందు జెండా ఎగరేద్దాం, వీడియో తీసి స్టేటస్ పెడదాం అన్నాం, ఎందుకంటే ఊళ్లో ఈ మధ్య ఎవడో ఒకడు "మీది ఫారిన్ మతం" అంటూనే ఉన్నాడు. వద్దన్నది ఎవరో తెలుసా, మా పెదనాన్న. మిలటరీలో 17 ఏళ్లు చేసొచ్చిన మనిషి. "ఎగరేయాలనిపిస్తే ఎగరేయండ్రా, ఎవడో అడిగాడని రుజువు కోసం మాత్రం ఎగరేయొద్దు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పాస్టర్ గారు ఏమో ప్రార్థన చేద్దాం అంటాడు, ఎటూ తేల్చడు. మీ దగ్గర ఎలా చేస్తారు?

డోర్నకల్_జంక్షన్:
తమ్ముడూ, ఫారిన్ అన్నవాణ్ణి ఒకసారి మా ఊరు డోర్నకల్ తీసుకురా. ఎపిఫనీ కెథడ్రల్ చూపిస్తా, 1939లో ప్రతిష్ఠ చేశారు, గుమ్మటాలు చూస్తే మసీదు, లోపల రాతి స్తంభాలు చూస్తే గుడి. కట్టించిన అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్, తమిళాయన, తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో తెల్లదొరల ముందే నిలబడి మాకు ప్రేమ కావాలి, స్నేహితుల్నివ్వండి అని అడిగినాయన. క్రైస్తవులకి వేరే నియోజకవర్గాలు వద్దు, అట్లయితే మేం దేశంలో ఒక మూలకి పోతాం అన్నది కూడా ఆయన వైపు వాళ్లే. అట్లాగని గాంధీ గారితో మతమార్పిడి విషయంలో మాత్రం అస్సలు పడలేదు. దేశభక్తి ఉన్నంత మాత్రాన అన్నిటికీ తలూపాలని లేదు కదా.

గోదారి_గట్టు:
నేను హిందువుని, క్రిస్టియన్ ఫ్రెండ్స్ మధ్యే పెరిగా, కోపం లేకుండా అడుగుతున్నా. ఫారిన్ అనే మాట తప్పే. కానీ మా వీధిలో మైకు పెట్టి మా దేవుళ్లని సైతాన్లంటే ఒళ్లు మండదా? ఎలక్షన్లొస్తే కొందరు పాస్టర్లు ఫలానా పార్టీకే ఓటెయ్యమని చెప్పడం నేను చెవులారా విన్నా. ప్రభుత్వం నెలకి 5 వేల గౌరవ వేతనం ఇవ్వడం మొదలెట్టాక అది ఇంకా ఇబ్బందిగా ఉంది, పూజార్లకీ ఇమాములకీ ఇస్తారులే అదీ నాకు నచ్చదు. పాలపిండి కోసం మారారు అని మా తాత అనేవాడు, అది నిజమో కాదో మీరే చెప్పండి.

గుండ్లకమ్మ:
@గోదారి_గట్టు మైకు సంగతి ఒప్పుకుంటా బ్రదర్, మా వాళ్లకి నేనూ చెప్తా. పాలపిండి సంగతికి మాత్రం మా ఒంగోలు కథ వినండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్ట్ తీసుకుని మాదిగలకి కూలిపని ఇప్పించాడు, ఆ కరువున్నంత కాలం బాప్తిస్మం ఇవ్వనని ఆపేశాడు, కూటి కోసం వచ్చారంటారని. తర్వాత 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ముంచింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ. కూడు కోసమే అయితే కరువులో రావాలి కదా.
ఇంకోటి, జెండా గొడవ నాకు చిన్నదనిపిస్తుంది. అసలు నొప్పి ఎమ్మార్వో ఆఫీసులో. ఎస్సీలెవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఆర్డర్ ప్రకారం హిందువైతేనే ఎస్సీ, 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనం బయటే. ఏపీలో మారిన ఎస్సీలు బీసీ-సి, 1 శాతం రిజర్వేషన్. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. మా నాయనకి రెండూ ఉండేవి, చనిపోయినప్పుడు సమాధి మీద ఏ పేరు చెక్కించాలో తేలక వారం ఆపాం. పేటలో నీళ్లు ఇవ్వనోడు మాత్రం మతం అడగడు, ఏ పేటో అడుగుతాడు అంతే.

డాలస్_అక్క:
ఇక్కడ తమాషా చూడు తమ్ముడూ. మేం వెళ్లే అమెరికన్ చర్చిలో పుల్పిట్ పక్కనే అమెరికా జెండా, జూలై 4 వారం దేశభక్తి పాటలు. నాకేమో ఒళ్లు జలదరించేది, దేవుడికి పాస్‌పోర్ట్ ఉందా అని. ఆ రోజే పక్క సీటు పెద్దావిడ ప్రేమగా "ఇక్కడికొచ్చాకే క్రిస్టియన్ అయ్యారా" అంది. మా ముత్తాత బాప్తిస్మం పుస్తకం ఇంకా మా ఇంట్లో పెట్టెలో ఉంది! అక్కడ క్రిస్టియన్ గనక ఇండియన్ కాదంట, ఇక్కడ ఇండియన్ గనక క్రిస్టియన్ కాదంట. మీ పెదనాన్నకి నా వందనాలు చెప్పు.

కొల్లేరు_కుర్రోడు:
అప్‌డేట్. చర్చి ముందు ఎగరేయలేదు, పేట సెంటర్లో అందరం కలిసి ఎగరేశాం, రామాలయం కమిటీ వాళ్లూ వచ్చారు, సర్పంచ్ గారు తాడు లాగితే పూలు రాలలేదు, ముడి బిగుసుకుపోయింది. మా పెదనాన్న దూరంగా అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు, రానన్నోడు లేచొచ్చి, "ఈ ముడి ఎవడు కట్టాడ్రా" అని తిట్టి, దింపి విప్పి మళ్లీ కట్టాడు. కట్టింది నేనే.