వీరోచిత సాహసాలకు ఏ రోల్‌ప్లేయింగ్ ఆట మేలు?

ప్రశ్న

మేము ఐదుగురం రెండేళ్లుగా, పాత్రలు ధరించి పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. కథ చక్కగానే సాగుతుంది కానీ, పోరాటం మొదలవగానే ఊపు తగ్గిపోతోంది. మొన్నటి ఆటలో మా ఖడ్గవీరురాలు కాలిపోతున్న వంతెన మీది నుంచి తాడు పట్టుకుని ఊగి, శత్రు సేనాని మీదికి కత్తి దూసి దూకింది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఇరవై ముఖాల పాచిక మీద 4 పడింది. కథ నడిపించే గేమ్ మాస్టరుగా నేను “తగల్లేదు” అనక తప్పలేదు. ఆమె వంతు మళ్లీ రావడానికి పావుగంట పట్టింది. ఇలాంటి సాహసాన్ని నీరుగార్చకుండా నిలబెట్టే ఆట ఏదైనా ఉంటే చెప్పగలరా?

జవాబు 1

నేనైతే 2003లో వచ్చిన సావేజ్ వరల్డ్స్‌ను సూచిస్తాను. అందులో నాయక పాత్రలు తమ నైపుణ్యపు పాచికతో పాటు ఆరు ముఖాల పాచికను కూడా వేసి, రెండింటిలో పెద్దదాన్ని తీసుకుంటాయి. మామూలు పనికి 4 వస్తే చాలు కాబట్టి, ఎనిమిది ముఖాల నైపుణ్యపు పాచిక ఉన్న మీ వీరురాలు ఆ తాడు పట్టుకుని ఊగడంలో గెలిచే అవకాశం దాదాపు 81 శాతం. పాచిక మీద గరిష్ఠ సంఖ్య పడితే మళ్లీ వేసి కలుపుకోవచ్చు. పేరులేని సైనికులు ఒక్క గాయానికే పడిపోతారు గనుక ఒక్కొక్కరి ప్రాణశక్తిని లెక్కగట్టే పని ఉండదు. అయితే ఒక హెచ్చరిక: మళ్లీ వేసే ఆ అవకాశం శత్రువులకూ ఉంటుంది. అనామకుడైన ఒక బల్లెంవాడి దెబ్బకు మా ప్రధాన పాత్ర చావు అంచుదాకా వెళ్లింది. చేతిలో మిగిలిన ఒకే ఒక్క బెన్నీని (ఆపదలో వాడుకునే అదృష్టపు బిళ్లను) ఖర్చుపెట్టి గాయాన్ని తట్టుకోబట్టి బతికింది.

జవాబు 2

పై సూచన మంచిదే కానీ, ప్రశ్నలో బాధ రెండు పాయలుగా ఉంది: దెబ్బ వృథా కావడం ఒకటి, ఎదురుచూపు మరొకటి. మొదటిదానికి 2025లో వచ్చిన డ్రా స్టీల్ సూటిగా సమాధానం చెబుతుంది, ఎందుకంటే అందులో దెబ్బ తప్పిపోవడమే లేదు. రెండు పది ముఖాల పాచికలు వేసి పాత్ర బలాన్ని కలిపితే 11 లేదా అంతకన్నా తక్కువ వస్తే చిన్న ఫలితం, 12 నుంచి 16 వరకు మధ్యస్థం, 17 ఆపైన గొప్ప ఫలితం. గళ్ల పటం మీద ఎత్తుగడలు వేయడం ఇష్టపడేవారికి ఇంతకన్నా తృప్తినిచ్చే ఆట నాకు తారసపడలేదు, కానీ ఆలోచించి ఆడేవారు ఎక్కువగా ఉన్న బృందంలో ఎదురుచూపు మాత్రం తగ్గదు.

2013 నాటి థర్టీన్త్ ఏజ్‌లో నాకు అత్యంత ఇష్టమైన నియమం ఎస్కలేషన్ పాచిక. రెండో రౌండులో దాన్ని 1 పైకి తిప్పి బల్ల మధ్యలో పెడతారు. రౌండుకు ఒకటి చొప్పున 6 దాకా పెంచుతూ, ఆ సంఖ్యను వీరులు తమ దాడులకు కలుపుకుంటారు. మొదట తడబడిన బృందం చివరికి చెలరేగే తీరు నియమంలోనే ఇమిడి ఉందన్నమాట. ఈ ఒక్క నియమాన్ని మీ ప్రస్తుత ఆటలోనూ వాడుకోవచ్చు, కాకపోతే శత్రువుల రక్షణ సంఖ్యను, అంటే దెబ్బ తగలడానికి రావాల్సిన సంఖ్యను, ఒకటో రెండో పెంచాలి.

జవాబు 3

ఎదురుచూపే అసలు సమస్య అయితే డాగర్‌హార్ట్ చూడండి. అందులో వంతుల వరుస ఉండదు. కథ ఎవరి వైపు మొగ్గితే వారు ముందుకు వస్తారు. ఆశ, భయం అనే రెండు పన్నెండు ముఖాల పాచికలను కలిపి వేస్తారు. భయం పాచిక పెద్దదైతే పని నెరవేరినా గేమ్ మాస్టరుకు ఒక ‘భయం’ పాయింటు దక్కుతుంది, దాన్ని ఖర్చుపెట్టి వీరులకు చిక్కులు తేవచ్చు. మీ వీరురాలి దూకుడు ఫలించి, వెనుక వంతెన కూలడం లాంటి మలుపులు ఇక్కడ సహజంగా పుడతాయి. మాటకారులే ఆటంతా నడిపేసే ప్రమాదం మాత్రం ఉంది. మీ బృందంలో మితభాషులు ఉంటే గేమ్ మాస్టరుగా మీరే వారిని పిలిచి అవకాశం ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాలో ఇద్దరు అడిగితే తప్ప మాట్లాడరు, కాబట్టి వంతులు లేని ఆటకు ఇప్పుడే సాహసించను. వచ్చే ఆటలో ఎస్కలేషన్ పాచికను బల్ల మీద పెట్టి, ఆ సేనానితో పోరు అదే వంతెన మీద తిరిగి మొదలుపెడతాను.